పిడి లేని బోరింగు

లండన్ నుంచి వచ్చి వారం కూడా కాలేదు, మా వీధి ఆడవాళ్ళంతా మా ఇంటికి వచ్చేశారు. నల్లగొండలో మా వీధి సంగతి మీకు తెలియకపోవచ్చు గానీ, మీ వీధి లాంటిదే అనుకోండి. ఒకింట్లో కుక్కరు కూత వెయ్యకపోతే మూడిళ్ళవతల నుంచి "ఇవాళ వంట లేటయిందేం?" అని అడుగుతారు. అలాంటి వీధిలోంచి ఒకావిడ విమానమెక్కి పోయి ఐదు నెలలు లండన్లో ఉండి వచ్చిందంటే ఊరుకుంటారా?

వేడివేడిగా సర్వపిండి చేసి పెట్టాను. ఒకరికొకరు చోటిచ్చుకుని చాపమీద సర్దుకు కూర్చున్నారు.

"ఏమేం చూసినవక్కా లండన్ల?" అంది ఎదురింటి కోడలు పిల్ల.

"బోరింగు చూసిన" అన్నాను.

అంతా ఘొల్లుమన్నారు. "గంత దూరం పోయి బోరింగు చూసొచ్చినవా! మన గడియారం సెంటరు దాటితే కనపడదా ఏంది బోరింగు?" అంది ఒకావిడ. లోపల పేపరు చదువుతున్న మావారు ఊరుకోక, "ఊరికే కాదమ్మా, డబ్బిచ్చి మనిషిని పెట్టుకుని మరీ చూశాం" అన్నారు. మళ్ళీ నవ్వులు.

ఆ పూట వాళ్ళకి సగమే చెప్పాను. ఆ తరవాతి సగం మీకు చెబుతాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి చెప్పలేని మాటలు కొన్ని కాగితం మీద సులువుగా వస్తాయి.

మా అమ్మాయి లండన్లో ఉద్యోగం చేస్తుంది. అల్లుడిదీ ఉద్యోగమే. 2022 మే నెలలో మేమిద్దరం అక్కడ దిగాం. ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మాయి కుళాయి తిప్పి గ్లాసెడు నీళ్ళు పట్టి చేతికిచ్చింది. నేను తాగకుండా గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశాను.

"ఈ నీళ్ళు మంచియేనా బిడ్డా?"

"తిరుపతి పోయినా అదే మాట, కాశీ పోయినా అదే మాట, ఇక్కడికొచ్చినా అదే మాటనా అమ్మా! తాగు, ఏం కాదు."

తాగాను. మర్నాడు పొద్దున టీ పెడదామని కెటిల్ మూత తీస్తే అడుగున తెల్లగా పొర కట్టి ఉంది. నా గుండె గుభేలుమంది. మావారు రసాయనశాస్త్రం లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఆ పొర వేలితో గీకి చూసి, "ఇది సున్నమే. ఈ ఊరి నీళ్ళలో సున్నం ఎక్కువ. నువ్వు భయపడేది ఇది కాదు" అన్నారు. నేను దేనికి భయపడతానో ఆయనకి తెలుసు. నల్లగొండ జిల్లాలో పుట్టిన నా ఈడు ఆడదాన్ని ఎవర్నయినా అడగండి, చెబుతుంది.

మొదటి రెండు ఆదివారాలు అమ్మాయీ అల్లుడూ మమ్మల్ని గుడికీ, మన సరుకులు దొరికే దుకాణాలకీ తిప్పారు. ఆ తరవాత అమ్మాయి మెల్లిగా చెప్పింది: "అమ్మా, నాకు సెలవు దొరకడం లేదు. మీకోసం ఒక గైడును మాట్లాడాను. గుంపులో తిరగనక్కర్లేదు. రోజంతా మీ ఇద్దరితోనే ఉంటుంది."

"ఎంత తీసుకుంటుందట?"

"రూపాయల్లోకి మార్చకమ్మా."

ఆ మాటతోనే తెలిసిపోయింది, చాలానే అని. డబ్బు సంగతి అటుంచండి. నా మనసు చివుక్కుమంది. మా వైపు చుట్టమొస్తే దగ్గరుండి యాదగిరిగుట్టకి తీసుకుపోతాం, సాగర్ డ్యాం చూపిస్తాం, తోవలో సద్దిమూట విప్పి తినిపిస్తాం. అంతేగానీ "నాకు తీరిక లేదు, ఈ కిరాయి మనిషితో పొండి" అంటామా? కన్న కూతురుండగా కిరాయి మనిషా అని ఆ రాత్రి దిండు తడిసింది. మావారికి తెలియకుండా కాదు, తెలిసేటట్టే ఏడ్చాను. ఆయన మాత్రం "పిల్ల అలసిపోతుందే, దాని మొహం చూడు" అని అటు తిరిగి పడుకున్నారు.

అనుకున్న రోజు అమ్మాయి ఆఫీసుకి పోతూ మమ్మల్ని లండన్ టవర్ కోట దగ్గర దింపింది. అక్కడ మాకోసం ఒకావిడ నిలబడి ఉంది. నాకంటే ఐదారేళ్ళు పెద్దది కావచ్చు. తెల్ల జుట్టు కురచగా కత్తిరించుకుంది. కాళ్ళకి బూట్లు, చేతిలో గొడుగు. కోటుకి నీలం రంగు బిళ్ళ. ఆ బిళ్ళ కావాలంటే చదివి, పరీక్షలు రాసి పాసు కావాలట. ఈ వయసులో ఎండనకా వాననకా నిలబడి చెప్పే ఉద్యోగం!

మా ఊళ్ళో దొరసాని అంటే గడీలోంచి బయటికి రాని మనిషి. నేను చిన్నప్పుడు గడి ముందునుంచి చెప్పులు వేసుకుని నడవద్దనేవాళ్ళు. ఈ దొరసాని నన్ను చూసి నవ్వి, నా చేతిలోని టిఫిన్ క్యారియరు సంచీ తను అందుకుంది. నేను ఒద్దొద్దంటున్నా వదల్లేదు. నాకు వచ్చిన ఇంగ్లీషు ఎంతో అమ్మాయి ముందే రాసిందేమో, పిల్లలకి చెప్పినట్టు ఒక్కొక్క మాట విడమరచి చెప్పింది.

కోటలో కిరీటాలు చూపించింది. రాణి తల్లిగారి కిరీటంలో కోహినూరు ఉంది. నూట అయిదు క్యారెట్ల పైచిలుకు అట. నేనేమో గుమ్మడికాయంత ఉంటుందనుకున్నాను. చూస్తే మా అమ్మమ్మ ముక్కుపుడక కన్నా కొంచెం పెద్దదేమో అనిపించింది. 1849లో లాహోరు చిన్నరాజు దులీప్ సింగు దగ్గర్నుంచి ఒప్పందమని రాయించుకుని తీసుకున్నారని దొరసానమ్మ ఏమీ దాచకుండా చెప్పింది. పుట్టింది మాత్రం మన కృష్ణ ఒడ్డున, కొల్లూరు గనిలో అని చెబుతారు కదా. నేను మావారితో అన్నాను: "చూసిండ్రా, కృష్ణ ఒడ్డున దొరికిన రాయి లండన్ దాకా వచ్చింది. కృష్ణ నీళ్ళు మాత్రం ఒడ్డునే ఉన్న మన జిల్లాల మా ఊరికి రాలేదు."

దొరసానమ్మ "ఏమన్నారు?" అని మావారిని అడిగింది. ఆయన ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సంచీలోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది.

అక్కడినుంచి పడవ మీద పార్లమెంటు వైపు తీసుకుపోయింది. దారిపొడుగునా వంతెనలు. రాణిగారు గద్దెనెక్కి 70 ఏళ్ళయిందని ఆ రోజుల్లో ఊరంతా జెండాలు కట్టి పెళ్ళివారిల్లులా ఉంది. థేమ్స్ నీళ్ళు బురదరంగులో ఉన్నాయి గానీ వాసన లేదు. "ఒకప్పుడు ఈ ఊరి మురికంతా ఈ నదిలోనే కలిసేది. తాగేదీ ఈ నీళ్ళే" అని మొదలుపెట్టింది. 1858 ఎండాకాలంలో ఎండలు ముదిరి నది కంపు కొట్టిందట. పార్లమెంటు కిటికీల తెరలకి బ్లీచింగు లాంటి మందు పూసి కూర్చున్నారట. అయినా ఆగలేదు. ముక్కు మూసుకుని పరుగెత్తారు. అంతకుముందు ఏళ్ళ తరబడి నానిన వ్యవహారం, కంపు తమ ముక్కుకే తగిలేసరికి పద్దెనిమిది రోజుల్లో చట్టమైపోయిందట. బాజల్జెట్ అనే ఇంజనీరు భూమిలోపల 82 మైళ్ళ పెద్ద కాలువలు కట్టి మురుగుని ఊరు దాటించాడు. నది ఒడ్డున గోడకి ఆయన బొమ్మ చెక్కి ఉంది. పడవ దిగాక చూపించింది.

నేను ఆ బొమ్మకి దణ్ణం పెట్టాను. మావారు గోడ తడిమి చూస్తున్నారు. ఆయనది మహబూబ్‌నగర్ జిల్లా. పాలమూరు అంటేనే తెలుస్తుంది మనవాళ్ళకి. కరువుకి ఊళ్ళు విడిచి, తట్టా పారా నెత్తిన పెట్టుకుని పోయి, దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలో కట్టినవాళ్ళు పాలమూరు కూలీలు. ఏ డ్యాం చూసినా "మావాళ్ళే కట్టారు" అనడం మావారికి అలవాటు. నాగార్జునసాగర్ చూడబోతే ఈ మాట కనీసం నాలుగుసార్లు వినాలి.

"ఇదిగూడ మీ వాళ్ళే కట్టిండ్రా?" అన్నాను.

"మావాళ్ళ లాంటివాళ్ళు కట్టారు. పైన బొమ్మ మాత్రం ఇంజనీరుది" అన్నారు.

అక్కడే బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. దొరసానమ్మకీ పెట్టాను. ఎండుమిరపకాయ కొరికి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా "బాగుంది, బాగుంది" అంటూ తిన్నది. ఆ క్షణంలో ఆవిడ నాకు కిరాయి మనిషిగా అనిపించలేదు.

కానీ నా మనసులో ఒక మాట తిరుగుతూనే ఉంది. వాసన కొట్టింది కాబట్టి పార్లమెంటు లేచింది. మా నల్లగొండ నీళ్ళకి వాసన లేదు. రంగూ లేదు. అద్దంలా ఉంటాయి. అవి కంపు కొట్టి ఉంటే ఎంత బాగుండేది!

తిన్నాక మెల్లిగా నడిపించుకుపోయింది. పావురాలుండే పెద్ద చౌరస్తా, జెండాల బజారు దాటి సోహో అనే పేటలో ఒక చిన్న వీధికి వచ్చాం. అటూ ఇటూ కాఫీ హోటళ్ళు, గుడ్డల షాపులు. ఇక్కడ చూడ్డానికేముంది అనుకున్నాను. వీధి మధ్యలో నల్లటి ఇనప పంపు నిలబడి ఉంది. నీళ్ళు పడే మూతి ఉంది. కొట్టే పిడి లేదు.

"పిడి విరిగిందా?" అన్నాను.

"లేదు, తీసేశారు. దాన్ని చూపించాలనే తీసుకొచ్చాను" అంది.

ఆ కథ మీలో కొందరు చదివే ఉంటారు. 1854 ఆగస్టు చివర్లో ఆ వీధిలో కలరా వచ్చింది. అప్పుడు దాని పేరు బ్రాడ్ స్ట్రీట్. పదిరోజుల్లో ఆ చుట్టుపక్కలే ఐదువందల మందికి పైగా పోయారు. చెడుగాలి వల్ల కలరా వస్తుందని డాక్టర్లంతా నమ్మే రోజులవి. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం కాదు, నీళ్ళ వల్ల అన్నాడు. గడపగడపకీ తిరిగి, ఎవరింట్లో ఎంతమంది పోయారు, వాళ్ళు ఏ నీళ్ళు తాగారు అని అడిగాడు. లెక్క తీస్తే దాదాపు అన్ని చావులూ ఈ పంపు చుట్టూనే తేలాయి. ఊరి పెద్దల దగ్గరికి పోయి చెబితే వాళ్ళకి సగం నమ్మకం లేకపోయినా సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీయించారు. అప్పటికే జబ్బు కొంత తగ్గుముఖం పట్టిందట, అదీ చెప్పింది దొరసానమ్మ. కానీ నీళ్ళని అనుమానించడం లోకం అక్కడే నేర్చుకుంది.

ఆ వీధిలోనే ఒక బీరు బట్టీ ఉండేదట. అందులో పనివాళ్ళు నీళ్ళు తాగక బీరు తాగేవాళ్ళు గనక ఎవరూ పోలేదట. మావారు నావైపు గర్వంగా చూశారు. పక్కనే ఉన్న మద్యం దుకాణానికి ఆ డాక్టరు పేరే పెట్టారు, ఆయనేమో మందు మానమని చెప్పిన మనిషి పాపం అని దొరసానమ్మ అనేసరికి నేను మావారివైపు చూశాను. ఇలా నవ్వుకుంటూనే ఉన్నాం. అప్పుడు చెప్పిందావిడ, అసలు సంగతి.

"హాంప్‌స్టెడ్ అని ఇక్కడికి కొన్ని మైళ్ళ దూరంలో ఒక పేట ఉంది. అక్కడ కలరా లేదు. కానీ అక్కడ ఒక ముసలావిడ కలరాతో పోయింది. ఎలా అని డాక్టరుకి అర్థం కాలేదు. పోయి ఆవిడ కొడుకుల్ని అడిగాడు. ఆవిడ ఒకప్పుడు ఈ వీధిలోనే ఉండేది. ఈ పంపు నీళ్ళ రుచి ఆవిడకి ఇష్టం. కొడుకుల కార్ఖానా ఇక్కడే. తల్లికి ఇష్టమని వాళ్ళు రోజూ ఈ పంపు నీళ్ళు సీసాలో నింపి బండిలో పంపేవాళ్ళు. ఆ నీళ్ళే తాగి పోయింది."

నాకు కాళ్ళలో బలం పోయింది. అక్కడ రోడ్డు పక్కన ఒక ఎర్ర గ్రానైటు రాయి ఉంది, అసలు పంపు ఉన్న చోటు గుర్తు. దాని పక్కనే చతికిలబడ్డాను. అమ్మాయి కొనిచ్చిన కోటుతో సహా.

మాది మునుగోడు వైపు పల్లె. నాకు ఆరేళ్ళప్పుడు, 1970 ప్రాంతాల్లో, మా ఊళ్ళో బోరింగు వేశారు. పచ్చటి పిడి. ఊరంతా పోయి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. అంతకుముందు ఊరబావికి పోవాలి, అర మైలు. మా అమ్మకి ఊరబావి నీళ్ళంటే ప్రాణం, "తియ్యగుంటయ్" అనేది. తమ్ముడు పుట్టాక తను లేవలేక నన్ను పంపేది. "బావి నీళ్ళు తే బిడ్డా" అని బిందె చేతికిచ్చేది. నేను సందు తిరిగి బోరింగు దగ్గర నింపుకుని, ఆడుకుని, అర మైలు నడిచినట్టు ముఖం పెట్టుకుని వచ్చేదాన్ని. "బావివేనా?" అంటే "బావివే" అనేదాన్ని. అలా ఒకటి రెండు రోజులు కాదు, ఏళ్ళు. ఇద్దరు తమ్ముళ్ళు పుట్టారు, నేను పదో తరగతి పాసయ్యాను, పెళ్ళయి నల్లగొండ వచ్చాను.

నలభై అయిదేళ్ళకి మా అమ్మ నడుము వంగింది. మెడ తిరిగేది కాదు, వెనకనుంచి పిలిస్తే మనిషంతా తిరిగేది. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఫ్లోరైడు అన్నారు డాక్టర్లు. మా జిల్లాలో ఆ జబ్బుందని 1940లలోనే, నిజాం కాలంలోనే, బట్లపల్లి వైపు కనుక్కున్నారట. కనుక్కున్నంత తొందరగా నీళ్ళు రాలేదు. మా ఈడు పిల్లలందరి పళ్ళూ గారే. నేను ఫోటోలో పెదాలు విప్పను, పెళ్ళిఫోటోలో కూడా.

1996లో మా నల్లగొండ పార్లమెంటు సీటుకి 480 మంది నిలబడ్డారు. నీళ్ళ గోడు ఢిల్లీకి వినపడాలని అలా నామినేషన్లు వేశారు. మా తమ్ముడు అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయి ఓటు వేయించాడు. "ఎవరికేసినవమ్మా?" అని అడిగితే, "నీళ్ళకేసిన బిడ్డా" అంది. 2001లో పోయింది. చివర్న పాడె మీద పడుకోబెట్టడానికి కూడా వంగిన నడుము సహకరించలేదు. అది ఎక్కువ చెప్పను.

నేను చేసిన పని మావారికొక్కరికే చెప్పాను, పెళ్ళయిన పదేళ్ళకి. ఆయన లెక్చరరు కదా, నాకు పాఠం చెప్పారు. ఫ్లోరైడు మన నేలలోని రాయిలోనే ఉంది, లోతుకి పోయిన కొద్దీ ఎక్కువ కావచ్చు గానీ ఊరబావిలో మాత్రం లేదని ఎవరు చెప్పారు? లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పు, ఆ రోజుల్లో కొలిచిందెవరు? పొలంలో తాగలేదా, చుట్టాలింట్లో తాగలేదా? అన్నీ నిజమే. ముప్ఫయ్యేళ్ళు అదే పాఠం చెప్పారు. తల ఊపాను. లోపల మాత్రం ఆ బిందె దిగలేదు.

లండన్ రోడ్డు మీద కూర్చుని, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాను. "మై మదర్. సేమ్. ఐ బ్రింగ్ వాటర్. ఐ టెల్ లై." అంతకంటే మాటలు రాలేదు. మిగతాది మావారు చెప్పారు. చెబుతూ ఆయన గొంతు కూడా బొంగురుపోయింది.

దొరసానమ్మ గొడుగు పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని మెల్లిగా నా పక్కన కూర్చుంది. దారినపోయేవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. కాసేపయ్యాక ఒకటే అంది: "ఆ కొడుకుల గురించి ఈ కథ నేను చాలాసార్లు చెప్పాను. ఆ తరవాత వాళ్ళు ఎలా బతికి ఉంటారని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అనుకోలేదు. ఇవాళ అనుకుంటున్నాను."

చూడండి, ముప్ఫయ్యేళ్ళ రసాయనశాస్త్రం దించలేని బిందె ఆ మాటతో కొంచెం ఒరిగింది. నా తప్పు లేదని ఆవిడ అనలేదు. నాలాంటివాళ్ళు ఇంకెవరో ఉన్నారని తెలిసింది, అంతే. నూట అరవై ఎనిమిదేళ్ళ కిందట, ఈ వీధిలోనే, తల్లికి ఇష్టమైన నీళ్ళు సీసాలో నింపిన కొడుకులు. వాళ్ళు ప్రేమతో పంపారు, నేను బద్ధకంతో తెచ్చాను, తేడా లేకపోలేదు. కానీ తెలియకపోవడం మాత్రం ఒక్కటే.

మావారు తేరుకున్నాక, ఊరికే ఉండలేక, "నల్లగొండ టెక్నిక్" గురించి ఆవిడకి చెప్పారు. 1970లలో నాగపూరులోని నీరి సంస్థవాళ్ళు పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి తయారుచేశారు. దానికి మా ఊరి పేరే పెట్టారు. టాంజానియా, ఇథియోపియా లాంటి దేశాలకి కూడా అది పోయింది. ఆవిడ ఆ పేరు రెండుసార్లు పలికించుకుని పుస్తకంలో రాసుకుంది. "ఇకమీదట ఈ పంపు దగ్గర మీ ఊరి పేరు కూడా చెబుతాను" అంది.

తిరుగు రైలెక్కే ముందు నేను అడిగాను, రాణిగారి కోటలు ఇన్ని ఉండగా మమ్మల్ని ఈ పంపు దగ్గరికి ఎందుకు తెచ్చావని. ఆవిడ ఫోనులో మా అమ్మాయి రాసిన ఉత్తరం చూపించింది. మా ఇద్దరికీ ఏమేం ఇష్టమో ముందుగా రాయమని అడిగిందట. మావారి గురించి పెద్ద పేరా ఉంది. నా గురించి రెండే ముక్కలు: "మా అమ్మ ఎక్కడికి పోయినా ముందు నీళ్ళ సంగతి అడుగుతుంది. ఎందుకో పూర్తిగా నాకు ఎప్పుడూ చెప్పలేదు."

కిరాయి మనిషికి అప్పజెప్పిందని ఏడ్చాను కదా! పిల్ల నన్ను ఎంత గమనించిందో నేను గమనించలేదు.

ఆ రాత్రి అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చాక వంటింట్లో నిలబడి అంతా చెప్పాను. అమ్మమ్మ గురించి, బిందె గురించి, "బావివే" అన్న అబద్ధం గురించి. అది ఏమీ అనలేదు. కుళాయి తిప్పి రెండు గ్లాసులు పట్టి, ఒకటి నాకిచ్చి ఒకటి తను తాగింది. తరవాత అడిగింది: "అమ్మమ్మకి తెలిసే ఉంటుంది కదమ్మా? రుచి తెలుస్తుంది కదా?"

ఆ మాట నేనెప్పుడూ అనుకోలేదు. బోరింగు నీళ్ళు చప్పగా ఉండేవి. "తియ్యగుంటయ్" అని ఊరబావి నీళ్ళని మెచ్చుకునే మనిషికి తెలియదా? తెలిసీ, ఎండలో పిల్ల అర మైలు నడవకపోతేనేం అని ఊరుకుందేమో. అలా అనుకుంటే ఒకవైపు గుండె తేలికవుతుంది, ఇంకోవైపు మరింత బరువవుతుంది.

సంక్రాంతికి అమ్మాయి వచ్చింది. "ఈసారి గైడును నేను" అని మా ఊరు తీసుకుపోయాను. మా ఇంటి నుంచి ఊరబావి దాకా అర మైలూ నడిపించాను. బావి పూడిపోయి తుమ్మచెట్లు మొలిచాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపులు వచ్చాక ఊళ్ళో ఇంటింటికీ నది నీళ్ళే. సందు మలుపులో బోరింగు అలాగే ఉంది. పచ్చరంగు పోయి తుప్పు పట్టింది. పిడి మాత్రం ఉంది. ఎవరి పిల్లలో ఇద్దరు దానిమీద వేలాడి ఊగుతున్నారు. నీళ్ళు రావడం లేదు.

అమ్మాయి ఆ పిడి మీద చెయ్యి పెట్టి నిలబడింది. "నువ్వూ రా అమ్మా" అని మావారి చేతికి ఫోనిచ్చి ఫోటో తీయమంది. "నవ్వండి" అన్నారాయన. నవ్వాను, పెదాలు విప్పి. గార పళ్ళు కనిపిస్తాయి ఆ ఫోటోలో.

తిరిగొస్తుంటే కారులో అమ్మాయి అడిగింది: "ఇంతకీ నీ ఫీజెంతమ్మా?"

"పౌండ్లలోకి మార్చకు బిడ్డా" అన్నాను.